పాట అయ్యాక తలుపు తీస్తాను

ఆకాశానికి చిల్లు పడ్డట్టు వాన కురుస్తున్న ఒక ఉదయం, ఏడు గంటల పది నిమిషాలకి, రేడియో స్టేషన్ తలుపును ఎవరో దబదబా బాదారు.

లోపలున్న అమ్మాయికి ఉలిక్కిపడే తీరిక లేదు. ఒక పాట అయిపోవస్తోంది, ఇంకో పాట మొదలవబోతోంది, ఆ రెండింటి నడుమ ఆమె మాట్లాడాలి. తలుపు పైన ఎర్ర దీపం వెలుగుతోంది. అది వెలుగుతోందంటే మైకు తెరిచి ఉందని అర్థం. మైకు తెరిచి ఉన్నప్పుడు ఆ తలుపును దేవుడే వచ్చి తట్టినా తీయకూడదు. అంతకంటే పెద్ద రూలు ఆ స్టేషన్‌లో ఒక్కటే ఉంది. గాలిలో నిశ్శబ్దం ఉండకూడదు. నాలుగు సెకన్లు శబ్దం ఆగితే చాలు, జనం రేడియో నెత్తిన ఒకటి మొట్టి ఇంకో స్టేషన్‌కి వెళ్లిపోతారు. వెళ్లినవాళ్లు మళ్లీ వస్తారన్న నమ్మకం లేదు.

చెప్పుల దుకాణం మీద డాబా, డాబా మీద ఒక్క గది, గది పక్కన ఆకాశంలోకి లేచిన ఇనుప టవరు. ఇదే స్టేషను. కింద ఆఫీసు గది ఉంది కానీ అది తొమ్మిదికి గాని తెరుచుకోదు. పైగదికి వచ్చే మెట్లు బయటి నుంచి ఉన్నాయి. గుమ్మం ముందు నిలబడితే నెత్తిన గొడుగంత చూరు కూడా లేదు.

ఆమె తలుపుకున్న చిన్న అద్దంలోంచి చూసింది. ఒక యువకుడు తడిసిన కాకిలా నిలబడి ఉన్నాడు. సంచీని చొక్కా లోపలికి దోపుకున్నాడు. వాన అతని జుట్టులోంచి నుదుటికి, నుదుటి నుంచి ముక్కు చివరకి దిగి అక్కడ ఒక్క క్షణం ఆలోచించి కింద పడుతోంది.

కొత్త పాట మొదలైంది. పాత పాటే, ఆ ఊరికి ప్రాణమైన పాట. ముందు పద్దెనిమిది సెకన్లు వేణువు వస్తుంది. తర్వాత గాయని అందుకుంటుంది. ఆ పద్దెనిమిది సెకన్లలో ఆమె తన మాట ముగించాలి.

"తలుపు బయట తడుస్తూ నిలబడ్డ పెద్దమనిషి గారూ," అంది మైకులో, వేణువు మీదుగా, నింపాదిగా. "మిమ్మల్నే. ఈ పాట అయ్యాక తలుపు తీస్తాను. అంతదాకా పారిపోకండి."

ఆమె మాటలోని చివరి అక్షరం, గాయని పాటలోని మొదటి అక్షరం గడపా తలుపూ కలిసినట్టు కలిశాయి. నడుమ వెంట్రుక దూరే సందు లేదు. ఆమె గోడ గడియారం వంక చూడనైనా లేదు. స్టేషన్‌లో అందరూ ఆమెను గడియారం అని పిలవడం ఊరికే కాదు.

గోడకి బయటవైపు ఒక స్పీకరు ఉంది. అందులోంచి ఆ మాట విన్న యువకుడు కొట్టడం ఆపాడు. చెయ్యి అలా గాల్లోనే ఉండిపోయింది.

పాట అయ్యాక, ప్రకటనల టేపు పెట్టి తలుపు తీసింది. అతను లోపలికి వచ్చాడు. అతనితోపాటు చిన్న చెరువు కూడా వచ్చింది.

"నాలుగు నిమిషాలు వానలో నిలబెట్టారు," అన్నాడు.

"పన్నెండు సెకన్లు తక్కువ," అంది ఆమె. "అదిగో, ఆ మూల కారుతోంది. పోయిన వారం నుంచి చెబుతుంటే ఇవాళ పంపారా మిమ్మల్ని?"

అతను ఆ మూలకి చూశాడు. పైకప్పు నుంచి పడుతున్న చుక్కలు బకెట్టు అంచు మీద పడి చిందిపోతున్నాయి. వెళ్లి బకెట్టును జానెడు జరిపాడు. చుక్క నడిమధ్యలో పడింది. అప్పుడు జేబులోంచి తడిసి ముద్దయిన కాగితం తీసి, తాను పైకప్పు బాగుచేసే మనిషిని కాననీ, హెడ్ ఆఫీసు నుంచి స్టేషన్ పాటలు మార్చడానికి వచ్చాననీ చెప్పాడు.

ఆమె నవ్వు అక్కడే ఆగిపోయింది.

*

అతని పని ఊరూరా తిరగడం. పాత పాటలు వేసే స్టేషన్‌ని కొత్త పాటల స్టేషన్‌గా మార్చడం, అయిపోగానే ఇంకో ఊరికి బస్సెక్కడం. ఇప్పటికి పదకొండు స్టేషన్లు మార్చాడట. ఇది పన్నెండోది.

మార్చే ముందు ఊరి వాళ్లకి పాటలు వినిపించి ఏది ఇష్టమో తెలుసుకోవాలి. పాటంతా వినిపించడానికి ఎవరికీ తీరిక ఉండదు కనుక, ఒక్కో పాటలోంచి పది సెకన్ల ముక్క కోసి వినిపిస్తాడు. విన్నవాళ్లు కాగితం మీద టిక్కు పెట్టాలి. ఈ సంగతి తెలిసిన సాయంత్రానికే స్టేషన్‌లో అతనికి ముక్కలబ్బాయి అని పేరు పడిపోయింది. స్టేషన్ నడిపే పెద్దాయన కూడా, పాపం, ఒకసారి హెడ్ ఆఫీసుతో ఫోనులో మాట్లాడుతూ ఆ పేరే అనేసి నాలుక కరుచుకున్నాడు.

మొదటి వారం ముక్కలబ్బాయి స్టూడియో మూలన, బకెట్టు పక్కన, చేతిలో స్టాప్‌వాచ్‌తో కూర్చున్నాడు. గడియారం ఎంతసేపు మాట్లాడుతోందో రాసుకునేవాడు. నలభై రెండు సెకన్లు. ముప్పై తొమ్మిది. ఒకసారి ఒక ముసలాయన రాసిన ఉత్తరం చదివినప్పుడు నిమిషం దాటింది. కొత్త పద్ధతిలో ఎనిమిది సెకన్లు దాటకూడదని అతను మెల్లగా చెప్పాడు.

ఎనిమిది సెకన్లలో తుమ్మడం తప్ప మరేమీ చేయలేమంది ఆమె.

కానీ రోజులు గడిచేకొద్దీ అతను స్టాప్‌వాచ్ నొక్కడం మరిచిపోతున్నాడని ఆమె గమనించింది. ఒక రోజు ఉండబట్టలేక అడిగాడు. గడియారం చూడకుండా గాయని ఎప్పుడు అందుకుంటుందో ఎలా తెలుస్తుంది? ఊపిరి తీసుకుంటుంది కదా అంది ఆమె.

"ఎవరు?"

"పాడే ఆవిడ. అందుకునే ముందు ఊపిరి తీసుకుంటుంది. అది వినిపించగానే నేను ఆపేస్తాను. ఆవిడ మాట్లాడబోతుంటే మనం మాట్లాడటం మర్యాద కాదు కదా."

అతను చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఆ పాట మొదలు పదకొండుసార్లు విన్నాడు. పన్నెండోసారి అతని కళ్లు పెద్దవయ్యాయి. నిజంగానే ఉంది, వేణువు చివర ఆకు కదిలినంత సన్నగా ఒక ఊపిరి. ఎన్నో ఏళ్ల కిందట ఎక్కడో ఒక గదిలో ఒక ఆవిడ తీసుకున్న ఊపిరి. వేలసార్లు ఆ పాట కోసిన మనిషి, పదకొండు ఊళ్లలో ముక్కలు పంచిన మనిషి, దాన్ని ఆ రోజు దాకా వినలేదు.

హెడ్‌ఫోన్లు తీసి మెల్లగా బల్ల మీద పెట్టాడు. ఆమె అతన్ని ఆటపట్టించాలనుకుని, ఎందుకో మానుకుంది.

*

ఆమెకు అమ్మా నాన్నా అన్నీ పిన్నే. పిన్నికి వీధి మొదట్లో కుట్టు దుకాణం ఉంది, వెనక గదే వాళ్ల ఇల్లు. కుట్టుమిషను పక్కన అరలో రేడియో, దాని వయసు గడియారం వయసు ఒక్కటే. పిన్నికి చేతివాచీ అక్కర్లేదు. రెండు పాటలకి ఒక చొక్కా చెయ్యి, ఏడు పాటలకి మొత్తం చొక్కా. చిన్నప్పుడు గడియారం ఆ రేడియో వెనక గంటల తరబడి కూర్చునేది. ఒకే మనిషి ఒకే క్షణంలో ఇన్ని ఇళ్లలో ఎలా ఉంటుందన్నది ఆ పిల్లకు తెగని లెక్క. పెద్దయి, మైకు ముందు కూర్చుని నాలుగేళ్లయినా ఆ లెక్క తేలలేదు. తన గొంతు బయట ఎలా తిరుగుతోందో ఆమె ఒక్కసారీ వినలేదు. అది తిరిగే గంటలో ఆమె ఎప్పుడూ ఆ గదిలోనే ఉంటుంది కదా.

ముక్కలబ్బాయి కాగితాలు పట్టుకుని పిన్ని దుకాణానికీ వచ్చాడు. నలభై ముక్కలు వినిపించాలి. పిన్ని మూడు ముక్కలు విని హెడ్‌ఫోన్లు తీసేసింది.

"ఏం అబ్బాయ్, ముద్ద నోట్లో పెట్టి లాగేసుకుంటావేం?" అంది. "పాటంతా వినిపిస్తే వింటా. లేదంటే ఆ సూదిలో దారం ఎక్కించి వెళ్లు."

అతను బుద్ధిగా కూర్చుని దారం ఎక్కించాడు. తర్వాత నలభై పాటలూ పూర్తిగా వినిపించాడు. ఒక మధ్యాహ్నమంతా పట్టింది. పిన్ని ఐదు చొక్కాలు కుట్టింది, అతను ఐదు చొక్కాలకీ బొత్తాలు కుట్టాడు. సాయంత్రం గడియారం ఇంటికి వచ్చేసరికి అతను నోట్లో దారం పెట్టుకుని పళ్లతో కొరుకుతున్నాడు. ఆమెను చూసి దారం మింగినంత పని చేశాడు.

అతను వెళ్లాక పిన్ని ఒక్కటే మాట అంది. చెయ్యి నెమ్మదైన మనిషి. కుట్టుపని వాళ్లు అంతకంటే పెద్ద మాట అనరు.

ఆ రాకపోకల్లో అతను తమ వైపు మనిషేనని గడియారం అనుకుంది. కాగితాలు కూడేటప్పుడు సాయం కూడా చేసింది. వేణువు పాటే అన్నిటికంటే పైన నిలిచింది. చూశారా, పాత పాటే గెలిచిందంది ఆమె. అతను, దాని కింద వరసగా ఉన్న కొత్త పాటలు చూపించబోయి, కాగితాలు సర్దేశాడు.

నెలాఖరుకి వారం ఉందనగా పెద్దాయన ఆమెను కిందికి పిలిచాడు. కళ్లజోడు తుడిచాడు, పెట్టుకున్నాడు, మళ్లీ తుడిచాడు. హెడ్ ఆఫీసు రిపోర్టు ఒప్పుకుందట. ఒకటో తారీకు సాయంత్రం నుంచి అన్నీ కొత్త పాటలే. మధ్యలో మాటలుండవు. ఎక్కడో రికార్డు చేసిన ఎనిమిది సెకన్ల గొంతులు వస్తాయి. ఉదయం ఏడు గంటల కార్యక్రమం ఉండదు. ఆమెకు కింద ఆఫీసులో ఏదైనా పని చూస్తానన్నాడు.

ఆమె మెట్లెక్కి పైకి వచ్చింది. ముక్కలబ్బాయి కొత్త కంప్యూటరుకి తీగలు కలుపుతున్నాడు.

"మా పిన్ని సూదిలో దారం ఎక్కించారు," అంది. "ఆ చేత్తోనే రాశారా ఇది?"

అతను లేచి నిలబడ్డాడు. "ఆ రిపోర్టు ఫారంలో పాటలకి గడులున్నాయి. మాటలకి లేవు. మీ గంట గురించి రాద్దామంటే నాకు..."

ఆమె గోడ గడియారం వంక చూసింది. నాలుగేళ్లలో ఆ గదిలో ఆమె దాన్ని చూడటం అదే మొదటిసారి.

"ఎనిమిది సెకన్లు అయిపోయాయి," అని వెళ్లిపోయింది.

ఆ వారమంతా అతను ఎదురైతే ఆమె గోడను చూసింది. ఆఖరి ఉదయం ఎప్పటిలాగే ఉత్తరాలు చదివింది, పాటలు వేసింది, సెలవు తీసుకుంది. గంట పూర్తయిన సెకనులోనే మాట పూర్తయింది. ముక్కలబ్బాయి ఆ గంటసేపూ తలుపు బయట డాబా మీద కూర్చున్నాడని ఆమెకు తెలుసు. తలుపు తీసి అతని పక్క నుంచే నడిచి మెట్లు దిగింది.

*

పాత స్టేషన్ పోయి కొత్త స్టేషన్ వచ్చేటప్పుడు ఈ రేడియో వాళ్లకి ఒక ఆచారం ఉంది. నడుమ ఒక రోజంతా ఒకే పాటను తిప్పి తిప్పి వేస్తారు. అదే పాట, మళ్లీ అదే పాట. ఇదేం పిచ్చి అని జనం ఒకరికొకరు చెప్పుకుంటారు. సాయంత్రం ఆరింటికి కొత్త స్టేషన్ మొదలయ్యేసరికి ఊరంతా చెవులు రిక్కించుకుని ఉంటుంది. అన్నిటికంటే ఎక్కువ టిక్కులు తెచ్చుకున్న వేణువు పాటనే ఇక్కడ తిప్పాలని హెడ్ ఆఫీసు నిర్ణయించింది.

ఒకటో తారీకు ఉదయం ఆరు గంటలకి గడియారం మంచం మీదే ఉంది. వెళ్లవలసిన చోటు లేదు. బయట సన్నగా జల్లు పడుతోంది. దుకాణంలో పిన్ని రేడియో పెట్టింది. వేణువు మొదలైంది. దుప్పటి తల మీదికి లాక్కుంది.

"తలుపు బయట తడుస్తూ నిలబడ్డ పెద్దమనిషి గారూ," అంది రేడియో, ఆమె గొంతుతో. "మిమ్మల్నే. ఈ పాట అయ్యాక తలుపు తీస్తాను. అంతదాకా పారిపోకండి."

ఆమె లేచి కూర్చుంది. పాట నాలుగు నిమిషాలకి కాస్త తక్కువగా నడిచి ఆగింది. మళ్లీ వేణువు. మళ్లీ ఆ పెద్దమనిషి గారూ. మూడోసారి పిన్ని మిషను ఆపి గదిలోకి తొంగి చూసింది.

"ఏమే, పాపం అతనికింకా తలుపు తీయలేదా?"

గడియారం చెప్పులు సగం తొడుక్కుని వీధిలో పడింది.

ఇరవై నిమిషాల దారి. ఆ ఇరవై నిమిషాలు ఆమె జన్మలో మరిచిపోలేదు. రొట్టెల దుకాణంలో తన గొంతు మొదలైంది, నాలుగడుగులు వేసేసరికి దాన్ని సైకిళ్లు బాగుచేసే కొట్టు అందుకుంది, అక్కడి నుంచి మేడ మీది కిటికీ, అక్కడి నుంచి ఆగి ఉన్న టాక్సీ. ఒక్క అక్షరం జారలేదు. పాట ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి నీళ్ల బిందెలా అందుతూ ఆమెతోపాటు నడుస్తోంది. క్షౌరశాలలో కత్తెర పారిపోకండి దగ్గర ఆగి, గాయని అందుకోగానే మళ్లీ ఆడింది. కిటికీలో గిన్నెలు తుడుస్తున్న ఒక ముసలమ్మ ఎవరూ లేని వీధికేసి, తీయవే తల్లీ, తడిసిపోతాడు, అంది. కింద నడుస్తున్నది ఆ తల్లేనని ఆమెకు తెలియదు.

చిన్ననాడు తెగని లెక్క గడియారానికి నడివీధిలో తెగింది. ఒకే మనిషి అన్ని ఇళ్లలో ఎలా ఉంటుందంటే, అన్ని ఇళ్ల వాళ్లూ ఆ మనిషికి కాస్త చోటు ఇస్తారు గనుక. నాలుగేళ్లు తను ఒక చిన్న గదిలో ఒంటరిగా మాట్లాడుతున్నాననుకుంది. ఇంతమంది వంటగదుల్లో కూర్చుని ఉంది. టాక్సీ మీద చెయ్యి ఆన్చి నిలబడి, తన గొంతు తనే ఇంకోసారి విని, అప్పుడు కదిలింది.

స్టేషన్‌లో పెద్దాయన రెండు చెవులకీ రెండు ఫోన్లు పెట్టుకుని ఉన్నాడు. ఆమెను చూసి బతికిపోయినట్టు ఒకటి చేతికిచ్చాడు. ఎవరూ పాత పాటలని అడగడం లేదు, కొత్త పాటలని అడగడం లేదు. అందరిదీ ఒకటే ప్రశ్న. తలుపు తీశారా లేదా? ఆ అమ్మాయికి ఏమైంది, ఎవరైనా గదిలో పెట్టి తాళం వేశారా? ఒకాయన మాత్రం గుసగుసగా మాట్లాడాడు. నాలుగు రోజులుగా తనతో పలకని భార్య ఈ ఉదయమే, ఆ అమ్మాయి తలుపు తీసిందంటారా, అని తనను అడిగిందట. మాటలు ఇప్పుడే కుదుటపడుతున్నాయి, దయచేసి అప్పుడే తీయకండి, అని బతిమాలాడు.

జరిగిన పొరపాటు పెద్దాయన ఆమెకు విప్పి చెప్పాడు. కంప్యూటరులో ఆ పాట పేరుతో రెండున్నాయి. ఒకటి ఉత్త పాట. ఇంకొకటి, అతను వచ్చిన మొదటి రోజు ఆమె మాటతో సహా ప్రసారమైనప్పుడు రికార్డయింది. ముక్కలబ్బాయి దాన్ని తన కోసం దాచుకుని, గుర్తుపట్టేలా వేరే పేరు పెట్టడానికి మొహమాటపడినట్టున్నాడు. పేరు ఒకటే అయితే యంత్రం కొత్తదాన్నే తీసుకుంటుంది. తీసుకుంది. అతను అన్నీ సిద్ధం చేసి, ఐదున్నర బస్సెక్కి పదమూడో ఊరికి వెళ్లిపోయాడు.

"తన కోసం దాచుకోవడమేంటి?" అంది ఆమె.

పెద్దాయన సమాధానంగా సొరుగులోంచి రిపోర్టు కాపీ తీసి ఇచ్చాడు. హెడ్ ఆఫీసు వాళ్లు గడులే చదివారమ్మా, అంచులు చదవలేదు, నేనూ ఇవాళే చూశాను, అన్నాడు. గడుల నిండా అంకెలున్నాయి. కాగితం అంచున, పైనుంచి కిందికి, పెన్సిలుతో చిన్న అక్షరాలున్నాయి. ఉదయం ఏడు గంటల కార్యక్రమాన్ని ముట్టుకోవద్దు. ఆమె ఎంతసేపు మాట్లాడినా ఎవరూ స్టేషన్ మార్చడం లేదు. కారణం నేను కొలవలేకపోయాను.

ఆమె ఆ మాటలు రెండుసార్లు చదివింది. తర్వాత పైగదికి వెళ్లింది. పెద్దాయన వెనకాలే వచ్చి బల్ల మీది మీట చూపించాడు. దాన్ని కిందికి లాగితే, నడుస్తున్న పాట అయ్యాక ఈ తిప్పడం ఆగిపోతుంది. ఆపొద్దని హెడ్ ఆఫీసు చెప్పింది గానీ, ఆమె లాగితే తను చూడనట్టే ఉంటానన్నాడు.

ఆమె మీట మీద చెయ్యి వేసింది. స్పీకరులో తనే, పారిపోకండి, అంటోంది.

"లాగేస్తావా?"

"ఇప్పుడే వద్దు," అంది. "ఆయన ఇంకా రాలేదు."

*

ఆ స్టేషన్ నది మీది వంతెన దాకే వినిపిస్తుంది. బస్సు ఆరుంపావుకి వంతెన చేరుతుంది. అందులో రేడియో ఉంటే, ఉన్నది మోగుతుంటే, మోగేది అతను వింటే. ఇన్ని ఉంటేల మీద ఆమె మీట దగ్గర కూర్చుంది. ఎనిమిదైంది. తొమ్మిదైంది. పాట నలభై ఏడుసార్లు తిరిగింది. ప్రతిసారీ ఆమె అతన్ని వెళ్లొద్దని ఊరందరి ముందూ అడుగుతోంది, ప్రతిసారీ తలుపు అద్దంలో వాన తప్ప ఏమీ లేదు.

తొమ్మిదిన్నరకి ఒక బస్సు డ్రైవరు ఫోను చేశాడు. తలుపు బయటి పెద్దమనిషి పొద్దున తన బస్సే ఎక్కాడనీ, వంతెన మొదట్లో ఆ మాట విని, అది నేనే, అని లేచి నిలబడ్డాడనీ చెప్పాడు. బస్సు ఆపేలోగా దూకినంత పని చేశాడట. గొడుగు ఇస్తానన్నా వినకుండా వెనక్కి నడక మొదలుపెట్టాడట. బస్సులో వాళ్లందరూ తర్వాత సంగతి తెలుసుకోవాలని కూర్చున్నారనీ, తాను పై ఊరి నుంచి చేస్తున్నాననీ, అక్కడికి రేడియో అందడం లేదనీ వాపోయాడు.

పదింటికి, ఈ ఫోన్ల సంగతి తెలిసి, హెడ్ ఆఫీసు నుంచి స్టేషన్ యజమానే పెద్దాయనకి ఫోను చేశాడు. పెద్దాయన నిలబడే మాట్లాడాడు. పెట్టేశాక కళ్లజోడు తుడిచాడు, ఈసారి కళ్లు కూడా. ఉదయం ఏడు నుంచి ఎనిమిది ఆ అమ్మాయిదేనట. పాత పాటలైనా కొత్త పాటలైనా ఆమె ఇష్టమట. ఆ గంటలో ఎవరూ సెకన్లు లెక్కపెట్టకూడదట. మిగతా రోజంతా కొత్త పాటలే, అందులో మార్పు లేదన్నాడు. రోజులో ఒక్క గంటే అయినా ఆమెకు ఒళ్లు పులకరించింది. కానీ కళ్లు తలుపు వైపే ఉన్నాయి.

ఇంకో ఫోను వచ్చింది.

"నేను ఒక శ్రోతని మాట్లాడుతున్నా," అంది అవతలి గొంతు.

"పిన్నీ, నీ గొంతు నాకు తెలీదా?"

"ఇవాళ నేను పిన్నిని కాను, శ్రోతని. ఒక మాట చెప్పి పెట్టేస్తా. ఆ అబ్బాయి వస్తే కోపాలన్నీ తర్వాత చూసుకుని ముందు లోపలికి రానివ్వు. తడిసిన మనిషిని గుమ్మంలో నిలబెట్టడం మన ఇంటా వంటా లేదు." కాసేపు మిషను చప్పుడు. "రేపట్నుంచి బొత్తాలు కుట్టడానికి రమ్మను."

ఆమె ఫోను పెట్టి తలెత్తింది. అద్దంలో అతను ఉన్నాడు.

మోకాళ్ల దాకా బురద. జుట్టు, నుదురు, ముక్కు చివర అదే చుక్క. తలుపు తట్టడం లేదు, పిలవడం లేదు, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎర్ర దీపం కూడా వెలగడం లేదు. పాట సగంలో ఉంది.

ఆమె బల్ల మీది మీటను కిందికి లాగింది. ఇక ఈ పాటే ఆఖరిది. అది అయ్యేలోగా వచ్చి మైకు అందుకోవచ్చనుకుంది, ఆమెకు సెకన్లు తెలుసు గనుక. వెళ్లి తలుపు తీసింది.

"తట్టొచ్చు కదా?"

"పాట అయ్యాక తీస్తానన్నారు కదా," అన్నాడు అతను. ఇంకా ఆయాసపడుతూనే ఉన్నాడు. "అవలేదింకా. ఆగాను."

నాలుగేళ్లలో ఆ తలుపు పాట మధ్యలో తెరుచుకోవడం ఇదే మొదలని అతనికీ తెలుసు.

"నా గొంతు మీ దగ్గర ఎందుకుంది?"

అతను నీళ్లు కారుతున్న చేతులను నీళ్లు కారుతున్న చొక్కాకే తుడుచుకున్నాడు.

"పదకొండు ఊళ్లు తిరిగానండి," అన్నాడు. "నేను వచ్చానంటే ఎవరి పనో పోతుంది. ప్రతిచోటా ఎప్పుడు పోతావనే చూశారు. పారిపోకండి అని నాతో అన్నది మీరొక్కరే. అప్పటికి మీకు నేనెవరో తెలీదు, నిజమే. అయినా అన్నారు. బస్సుల్లో అప్పుడప్పుడు విందామని దాచుకున్నాను."

"నా గంట గురించి అంచున రాశారు."

"గడి లేదు కదా మరి."

"నాతో చెప్పొచ్చు కదా."

"ఎనిమిది సెకన్లే ఇచ్చారు."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుతో పాటు కళ్లలో నీళ్లూ వచ్చాయి. వాన ఇద్దరి నడుమ గడప మీద పడుతోంది. ఇప్పుడు ఎంతసేపు కావాలి, అని అడిగింది. అతను చాలా లెక్కలు తెలిసిన మనిషి. ఆలోచించి, కొలవలేనన్నాడు. ఆమె చెయ్యి చాచింది. అతను పట్టుకున్నాడు. చల్లని చెయ్యి, నెమ్మదైన చెయ్యి. గడప దాటాడు.

లోపల పాట ఎప్పుడో అయిపోయింది.

గడియారానికి ఆ సంగతి తెలియలేదు. వంతెన దాకా, ప్రతి దుకాణంలో, ప్రతి కిటికీలో, గాలిలో ఏమీ లేదు. నాలుగు సెకన్లు దాటాయి. ఏడు. తొమ్మిది. తర్వాత పిన్ని చెప్పింది, మిషను మీద తన కాలు దానంతట అదే ఆగిపోయిందట. క్షౌరశాలలో కత్తెర తెరిచింది తెరిచినట్టే ఉండిపోయిందట. ముసలమ్మ చేతిలో గిన్నె తడిగానే ఉందట. పదకొండు సెకన్లు ఆ ఊరు ఊపిరి బిగబట్టి ఖాళీ గాలిని విన్నది. ఒక్కరూ రేడియో నెత్తిన మొట్టలేదు. ఒక్కరూ స్టేషన్ మార్చలేదు.

మెట్ల మీద పెద్దాయన పరుగెత్తుకొస్తున్న చప్పుడుకి ఆమె తేరుకుంది. చెయ్యి వదలకుండానే బల్ల దాకా నడిచి, మైకు తెరిచింది. తలుపు పైన ఎర్ర దీపం వెలిగింది.

"తీశాను," అంది.